ధనుష్కోడిని దెయ్యాల ఊరు అనకండి

రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు ధనుష్కోడి ఫోటోలు చూపిస్తూ "దెయ్యాల ఊరు చూసొచ్చాం" అంటుంటారు. పిల్లలే కాదు, పెద్దలూ అదే మాట. ఈ మాట తప్పని నేను గట్టిగా చెప్పదలచుకున్నాను.

ఒకప్పుడు మన ఎగ్మోర్‌లో టిక్కెట్టు కొని కొలంబో దాకా వెళ్ళేవారు. 1914లో పాంబన్ వంతెన పూర్తయ్యాక బోట్ మెయిల్ రైలు ధనుష్కోడి వరకు నడిచింది. అక్కడ స్టీమరెక్కితే తలైమన్నార్, మళ్ళీ రైల్లో కొలంబో. ఊళ్ళో పోస్టాఫీసు, కస్టమ్స్ ఆఫీసు, బడి, చర్చి అన్నీ ఉండేవి. కాశీ, రామేశ్వరం యాత్ర చేసే మన తెలుగువాళ్ళు సేతు స్నానానికి వెళ్ళేదీ ఆ తీరానికే.

1964 డిసెంబరు 22 రాత్రి తుఫాను వచ్చింది. పాంబన్ నుంచి బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరును ధనుష్కోడి దగ్గర ఉప్పెన మింగేసింది. రైల్లో ఉన్న వందమందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఊరూ పోయింది, స్టేషనూ పోయింది.

1977 దివిసీమ ఉప్పెన గురించి మన ఇళ్ళల్లో పెద్దలు ఇప్పటికీ బాధగా చెప్పుకుంటారు. దివిసీమను ఎవరైనా దెయ్యాల సీమ అంటే ఊరుకుంటామా? మరి ధనుష్కోడిని ఎలా అంటాం?

"ప్రకృతి చేసినదానికి ఎవరేం చేస్తారు?" అని కొందరంటారు. అదే తుఫానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను ఇ. శ్రీధరన్ నాయకత్వంలో 46 రోజుల్లో బాగుచేశారు. ధనుష్కోడిని మాత్రం నివాసానికి పనికిరాదని ప్రకటించి వదిలేశారు. అయినా జాలరి కుటుంబాలు నేటికీ అక్కడ గుడిసెల్లో బతుకుతున్నాయి. మనుషులున్న చోటు దెయ్యాల ఊరెలా అవుతుంది?

ఆ లైను మళ్ళీ వేయడానికి 2019లో శంకుస్థాపన జరిగింది. వేయాలా వద్దా అన్నది ఇంజనీర్లు తేల్చాల్సిన విషయం. నేను అడిగేది అంతకంటే చిన్నది. ఆ రైల్లో చనిపోయినవారి కోసం ఎగ్మోర్ స్టేషన్లో ఒక ఫలకం పెట్టాలి. దొరికినన్ని పేర్లు అందరికీ కనిపించేలా రాయాలి. డిసెంబరు 22న బడుల్లో రెండు నిమిషాలు వారి గురించి చెప్పాలి.

అమ్మానాన్నలకూ ఒక మనవి. ఈసారి రామేశ్వరం వెళితే పిల్లలకు ఆ గోడలు చూపించి, అది రైల్వే స్టేషనని, అక్కడ మనుషులు పనిచేశారని చెప్పండి. ఫోటోలు ఆ తర్వాత తీసుకోవచ్చు.