పల్లీ గింజ.. పసిప్రాణానికి గండం
కళాశాలలు వచ్చినా తప్పని రాజధాని ప్రయాణం

మహబూబ్‌నగర్, నల్గొండ: యాసంగి వేరుశనగ ఇళ్లకు చేరే వేళ పాలమూరు పల్లెల్లో పసిపిల్లల చేతికి పల్లీలు అందడం మామూలే. నవ్వుతూనో ఏడుస్తూనో నములుతుండగా గింజ శ్వాసనాళంలోకి జారితే కాసేపు దగ్గి బిడ్డ తేరుకున్నట్లే కనిపిస్తాడు. అసలు ముప్పు అప్పుడే మొదలవుతుంది. దవడ పళ్లు పూర్తిగా రాని ఒకటి నుంచి మూడేళ్ల లోపు పిల్లలే ఎక్కువగా దీని బారిన పడుతుంటారు. సీతాఫలం, చింత గింజలతోనూ ఇదే ప్రమాదం. పల్లీ ఎక్స్‌రేలో నేరుగా కనిపించదు. తేమకు ఉబ్బుతుంది, అందులోని నూనె లోపలి పొరను వాచేలా చేస్తుంది. నిమ్ము చేసిందనుకొని రోజుల తరబడి మందులు వాడితే పరిస్థితి విషమిస్తుంది.

గింజను తీసేందుకు బ్రాంకోస్కోప్ అనే గట్టి లోహపు గొట్టాన్ని నోటి ద్వారా శ్వాసనాళంలోకి పంపుతారు. జర్మనీ వైద్యుడు గుస్తావ్ కిలియన్ 1897లో శ్వాసనాళంలో చిక్కిన ఎముక ముక్కను తొలిసారిగా ఈ దారిలోనే వెలికితీశారు. శస్త్రవైద్యుడు పట్టకారు దించేదీ, మత్తు వైద్యుడు ప్రాణవాయువు పంపేదీ ఆ ఒక్క సన్నని గొట్టం గుండానే. బిడ్డ సొంత శ్వాసను నిలపడం ఒక పద్ధతి కాగా, కండరాలు సడలించే మందిచ్చి గొట్టం పక్క నాళం ద్వారా ఊపిరి అందించడం మరొకటి. ఆక్సిజన్ తగ్గితే పట్టకారు బయటకు తీసి, ఊపిరి అందించి, మళ్లీ మొదలుపెట్టాలి. తీస్తుండగా గింజ జారి ప్రధాన నాళానికి అడ్డుపడితే రెండు ఊపిరితిత్తులకూ గాలి అందదు. అప్పుడు దాన్ని తిరిగి ఒకవైపు నాళంలోకి నెట్టి, రెండో ఊపిరితిత్తితో బిడ్డను నిలబెడతారు. ఇద్దరు వైద్యుల మధ్య ముందస్తు అవగాహన లేకుంటే ఇది సాధ్యం కాదు.

ఉమ్మడి జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలకు కొదవ లేదు. 2016లో మహబూబ్‌నగర్, 2019లో నల్గొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తికి అవి వచ్చాయి. అయినా ఇలాంటి కేసు అనగానే హైదరాబాద్‌లోని నీలోఫర్, కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రుల పేర్లే వినిపిస్తాయి. గద్వాల నుంచి రాజధాని దాదాపు 190 కిలోమీటర్లు. నిలకడగా ఉన్న బిడ్డను ఆక్సిజన్‌తో తరలించవచ్చు, ఊపిరాడని బిడ్డకు ఆ వ్యవధి ఉండదు. సీట్ల లెక్కలు చెప్పే అధికారులు పసిపిల్లల సైజు గొట్టాలు, పిల్లల కేసుల్లో అనుభవమున్న మత్తు వైద్యుడు అర్ధరాత్రి ఎక్కడ అందుబాటులో ఉంటారో కూడా ప్రకటించాల్సి ఉంది.

నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు పెట్టకూడదని వైద్యులు హెచ్చరిస్తున్నారు. గింజ అడ్డుపడి ఏడాది లోపు బిడ్డ దగ్గలేక, ఏడవలేక పోతుంటే తల కిందికి ఉండేలా ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి వీపుపై ఐదుసార్లు చరచాలి. కనిపించని గింజ కోసం నోట్లో వేలు పెట్టి వెతకరాదు, అది మరింత లోపలికి పోతుంది.