కార్తీకంలో కుక్కతో షికారు

చంద్రపూర్ ఎండల సంగతి మీకు వేరే చెప్పాలా? వేసవిలో తెల్లవారుజామున ఐదింటికే కుక్కను తిప్పుకొచ్చేస్తాం. ఆలస్యమైతే తారురోడ్డు మీద పాపం దాని అరికాళ్లు కాలిపోతాయి. చిక్కల్లా దీపావళి వెళ్లినా ఆ వేళ మార్చుకోకపోవడమే!

కార్తీకంలో ఐదింటికి చలితోపాటు చీకటీ ఉంటుంది. ఊరికి ఉత్తరాన తాడోబా అడవి. దుర్గాపూర్ థర్మల్ కేంద్రం దగ్గరి పొదల్లో చిరుతలు తిరగడం మనకు కొత్త కాదు. 2022 ఫిబ్రవరిలో ఆ ప్రాంతంలోనే ఒక కార్మికుడు పులికి, ఒక కుర్రాడు చిరుతకు బలయ్యారు. చిరుతకు కుక్క సులువుగా దొరికే ఆహారం. గొలుసు రెండో కొస మన చేతిలోనే ఉంటుంది కదా!

అందుకే పొద్దున ఏడు దాటి ఎండ పొడ పడ్డాక బయల్దేరండి. డిసెంబరులో ఐదున్నరకే పొద్దు వాలుతుంది కనుక సాయంత్రం ఐదుకల్లా ఇల్లు చేరండి. గొలుసు పొట్టిగా పట్టుకోండి. ముసలి కుక్కకు చలికి కీళ్లు పట్టేస్తాయి, మొదట నెమ్మదిగా నడిపించండి. రాత్రి వాకిట్లో కట్టేయకుండా లోపల గోనెపట్టా పరవండి.

"అది ఐదింటికే తలుపు గీరుతోందమ్మా!" అని మా మామగారు మొదట్లో సణిగారు. వారం తిరిగేసరికి అదీ అలవాటు పడింది, ఆయనా అలవాటు పడ్డారు.