సాకేది ఇద్దరు, హక్కు ఒక్కరికే
స్వలింగ జంటల దత్తతపై చట్టం ఎక్కడ నిలిచింది?

అనంతపురం: ఒకే ఇంట కాపురముంటున్న ఇద్దరు స్త్రీలు గాని, ఇద్దరు పురుషులు గాని ఒక బిడ్డను సాకితే, చట్టం దృష్టిలో ఆ బిడ్డ ఎవరి బిడ్డ? సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఈ ప్రశ్నకు దొరికిన జవాబు ఒక్కటే: ఇద్దరి బిడ్డ మాత్రం కాదు.

తమ వివాహాన్ని గుర్తించాలని హైదరాబాద్‌కు చెందిన ఇద్దరు యువకులు 2022లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వారికి మరికొందరు తోడయ్యారు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. వివాహం ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ ఏకాభిప్రాయం వెలిబుచ్చారు.

ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపు

దత్తత విషయంలో మాత్రం ధర్మాసనం చీలింది. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ 'కారా' నిబంధనల ప్రకారం, కనీసం రెండేళ్ళు స్థిరమైన వైవాహిక జీవితం గడిపిన జంటకే బిడ్డను ఇస్తారు. ఈ నిబంధన చెల్లదని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ అంగీకరించలేదు. జంట విడిపోతే బిడ్డకు రక్షణ ఇచ్చే చట్టాలు వివాహంపైనే ఆధారపడి ఉన్నాయని జస్టిస్ భట్ వివరించారు. పెళ్ళికాని జంటలు మంచి తల్లిదండ్రులు కాలేరని దీని అర్థం కాదని కూడా ఆయన పేర్కొన్నారు. మెజారిటీ మాటే నిలిచింది. పునఃపరిశీలన పిటిషన్లను 2025 జనవరిలో కోర్టు తోసిపుచ్చింది.

పల్లెలో దత్తత

కన్నవారు కాక మరొకరు బిడ్డను సాకడం ఈ జిల్లాకు కొత్త కాదు. వానలు లేక వేరుశనగ ఎండిన ఏడు తల్లిదండ్రులు బెంగళూరుకు వలసపోతే, పిల్లలను చూసుకునేది అవ్వాతాతలే. అన్న బిడ్డను తమ్ముడు దత్తత చేసుకోవడమూ ఉన్నదే.

1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం పెళ్ళికాని స్త్రీ గాని, పురుషుడు గాని ఒంటరిగా దత్తత తీసుకోవచ్చు. భర్త దత్తత తీసుకుంటే భార్య తల్లి అవుతుంది. స్వలింగ జంటలో రెండో వ్యక్తికి అలాంటి స్థానం లేదు. శిశుగృహం నుంచి 'కారా' ద్వారా తీసుకోవాలంటే ఇంకా కష్టం. పెళ్ళి లేకుండా మరొకరితో సహజీవనం చేస్తున్నవారి దరఖాస్తును పరిశీలించరాదని 2022 జూన్‌లో ఆ సంస్థ సర్క్యులర్ జారీ చేసింది.

కార్డు ఒకటే, బిడ్డ వేరు

ఇదిలా ఉండగా, ఇలాంటి జంటను రేషన్ కార్డుకు ఒకే కుటుంబంగా పరిగణించాలని కేంద్రం 2024లో రాష్ట్రాలకు సూచించింది. బ్యాంకులో ఉమ్మడి ఖాతాకు, నామినీగా పేరు రాసుకోవడానికి అడ్డు లేదని స్పష్టం చేసింది. కలిసి తినవచ్చు, కలిసి దాచుకోవచ్చు. అడ్డంతా బిడ్డ దగ్గరే.

దత్తత తీసుకున్న మనిషి మరణిస్తే చిక్కు బయటపడుతుంది. ఆపరేషన్ కాగితంపై సంతకం ఎవరు పెట్టాలి? ఉయ్యాల ఊపిన రెండో మనిషిని కాదని, ఏనాడూ ముఖం చూడని బంధువు ముందుకు రావచ్చు. వీలునామా రాస్తే ఆస్తి చేరుతుంది, తల్లి లేదా తండ్రి స్థానం చేరదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టును ఆశ్రయించవచ్చు. అక్కడ బిడ్డ మేలును బట్టి కోర్టు నిర్ణయిస్తుంది.

దక్షిణాఫ్రికాలో 2002లోనే అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇలాంటి జంటలకు ఉమ్మడి దత్తత హక్కు కల్పించింది. థాయ్‌లాండ్‌లో 2025 జనవరి నుంచి వివాహంతో పాటు ఆ హక్కూ వచ్చింది.

రక్షణ లేదు గనుక బిడ్డను ఇవ్వరాదన్నది మన దేశంలో తీర్పు సారాంశం. కాని అలాంటి ఇళ్ళలో ఇప్పటికే పెరుగుతున్న బిడ్డలకూ ఆ రక్షణ లేదు. దాన్ని కల్పించవలసింది పార్లమెంటు. అంతవరకు ఆ బిడ్డకు చెల్లే సంతకం ఒక్కటే.