మ్రాని మీది మచ్చలు

అల్వాలు వంటి చోట్ల పెరటి వేప, మామిడి బోదెలపై బూడిదవన్నెతోనో లేతపచ్చగానో పెంకువలె అంటియుండు మచ్చలను సోదరీమణులనేకులు చూచియే యుందురు. చెట్టునకు తెగులు సోకినదని గీకించువారును, సున్నము పూయించువారును గలరు. ఈ నెల వానిని గూర్చియే ముచ్చటింతుము.

అది తెగులు కాదు. లైకెను అను జీవి. బిర్యానీ మసాలాలోని రాతిపువ్వు దీని జ్ఞాతియే. బూజును నాచును కలిసి కాపురము చేయగా లైకెను ఏర్పడును. బూజు ఇల్లుగట్టి తడిని నిలుపును. నాచు ఎండ సాయమున ఆహారము సిద్ధపరచును. ఈ సంగతిని 1867 లో ష్వెండెనర్ అను స్విట్జర్లాండు పండితుడు వెల్లడింపగా నాటి పెద్దలు పలువురు నమ్మకపోయిరి.

లైకెను చెట్టు రసమును పీల్చదు. బెరడు దానికి పీట మాత్రమే. ఎండుకొమ్మలపై నది మెండుగా నుండుటకు కారణము, ఆకులు రాలినచోట వెలుతురు హెచ్చుగా పడుటయే. కావున కొమ్మ యెండినచో వేళ్లను, నీటిని, తొలుచు పురుగును విచారింపవలెను గాని లైకెనును దండింపరాదు.

రాతిపువ్వు ఆకువలె లేచియుండును. పెంకు జాతి బెరడుతో గాని ఊడిరాదు. అరకు, పాడేరు కొండయడవుల మ్రాకులపై నిట్టివి గలవు. చూపునకు చాలవఱకు నొక్కటే. భూతద్దముతో చూడగా కొన్నిటిపై వ్రాతవంటి నల్లగీతలు, కొన్నిటిపై చిట్టిగిన్నెలు కానవచ్చును. 1866 లో నైలాండర్ అను ఫిన్లాండు పండితుడు మందుచుక్క వేసి రంగు మారునో లేదో చూచు పద్ధతిని తెచ్చెను. పొటాషు క్షారము తగిలినచో కొన్ని పసుపుగను, కొన్ని ఎఱ్ఱగను మారును. కొన్ని మారనే మారవు. పిదప సన్నని పొర కోసి, సూక్ష్మదర్శినిలో బీజరేణువుల గదులను లెక్కింతురు. ఇంత చేసిన గాని పేరు తేలదు. ఇక గీకువాని కత్తికి ఏది సామాన్యమో, ఏది అరుదో యెట్లు తెలియును?

ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరుగనివి వీనిలో పెక్కు. అరచేతి యంత మచ్చ దశాబ్దముల సంసారము కావచ్చును. పారిస్ లక్సెంబర్గు తోటలో నున్న లైకెనులు ఊరిలో తక్కినచోట్ల లేకుండుట చూచి, ఇవి గాలి మంచిచెడులను తెలుపునని నైలాండరే చెప్పెను.

పిల్లలకు చూపవలెనన్న రాలిన పుల్లను తెచ్చి, కాగితపు పొట్లములో నుంచి, చెట్టు పేరు, చోటు, తేదీ వ్రాయింపుడు. బ్రదికియున్న బోదెపై కత్తి పెట్టనీయకుడు.