88 మెట్లు, ఒక అద్దె ఇల్లు



మా ఇంట్లోకి డిజిటల్ పియానో వచ్చి మూడేళ్లయింది. సంగతి తెలిసిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. "ఎంత పెట్టి కొన్నావన్నా?" అనేది ఒకటి. "మనకెందుకన్నా అది? మన వాయిద్యం డప్పు కదా?" అనేది రెండోది. మొదటిదానికి జవాబు తేలిక. ఈ పోస్టు అసలు రెండోదాని కోసమే.

ముందు డబ్బు సంగతి. చీటీ పాడి కొన్నాను. నలభై వేల పైచిలుకు అయింది. మన చర్చిల్లో కనబడే 61 మెట్ల కీబోర్డు ఇందులో సగానికే వస్తుంది గదా అంటారు. వస్తుంది. కానీ రెండూ ఒకటి కావు. కీబోర్డు మెట్టు తేలిగ్గా, స్ప్రింగులా లేస్తుంది. డిజిటల్ పియానోకి 88 మెట్లు ఉంటాయి, ప్రతి మెట్టు కింద బరువు ఉంటుంది. ఎడమవైపు ఎక్కువ బరువు, కుడివైపుకి పోయేకొద్దీ తక్కువ. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో క్రిస్టొఫొరి ఈ వాయిద్యాన్ని చేసిందే అందుకు. "మెల్లగా, గట్టిగా" అనే ఇటాలియన్ మాటల నుంచే దానికా పేరు వచ్చింది.

కొనేవాళ్లకి నా సలహా. షాపువాడు ఆరొందల టోన్లు, రెండొందల రిథమ్‌లు అంటాడు, వినొద్దు. స్విచ్ ఆపేయించి మెట్లు నొక్కి చూడండి. బరువు వేలికి తెలియాలి. 88 మెట్లు, సస్టెయిన్ పెడల్, హెడ్‌ఫోన్ పెట్టుకునే సాకెట్, ఊగని స్టాండు ఉంటే చాలు. కరెంటు కోతలున్న ఊరైతే సెల్స్‌తో నడిచే మోడల్ కూడా దొరుకుతుంది. అసలు పియానోకి రెండొందలకి పైగా తీగలుంటాయి, శ్రుతి చేయించుకుంటూ ఉండాలి. దీనికి ఆ బాధ లేదు. దుమ్ము పడకుండా పాత చీర కప్పితే సరిపోతుంది. పది పన్నెండు కిలోల మోడళ్లున్నాయి. ఇల్లు మారితే ఆటోలో పెట్టుకుని పోవచ్చు. మనం ఎన్ని ఇళ్లు మారతామో మీకు తెలుసు.

ఇక రెండో ప్రశ్న.

డప్పుని తక్కువ చేసే మాట నా నోట రాదు. చావుకీ చాటింపుకీ వెట్టిగా కొట్టించిన వాయిద్యాన్ని మనవాళ్లు పోరాడి ఆత్మగౌరవం చేసుకున్నారు. 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా దాన్ని ఊరేగింపు ముందుకు తెచ్చింది. అది మనం గెలుచుకున్నది. కానీ "మీది డప్పే" అని ఇంకొకడు తేల్చి చెప్తే మాత్రం అది పాత వెట్టే. వీణ ఒకరికి, సన్నాయి ఒకరికి, డప్పు ఒకరికి అని పంచింది కులం. ఆ పంపకాన్ని మనం ప్రేమతో చేసినా అది పంపకమే. మా పాప డప్పూ నేర్చుకుంటుంది, పియానోనూ నేర్చుకుంటుంది. ఏది ఎప్పుడు వాయించాలో తనే తేల్చుకుంటుంది.

"అది తెల్లోడి వాయిద్యం" అనేవాళ్లకి నీనా సిమోన్ గురించి చెప్తాను. 1933లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టింది. నల్లజాతి పిల్ల. తల్లి ప్రచారకురాలు, పిల్ల చర్చిలో పియానో వాయించేది. చిన్నప్పుడు ఒక కచేరీలో తెల్లవాళ్ల కోసం ఆమె అమ్మానాన్నల్ని ముందు వరస నుంచి లేపారు. వాళ్లని మళ్లీ ముందు కూర్చోబెట్టేదాకా వాయించనన్నదట. ఆ సంగతి ఆమే చెప్పుకుంది. 1951లో కర్టిస్ సంగీత సంస్థ ఆమెకి సీటివ్వలేదు. నల్లదాన్నైనందుకే ఇవ్వలేదని ఆమె జీవితాంతం అన్నది. వాయిద్యం ఎవరిదన్నది దాన్ని కనిపెట్టినవాడి రంగు తేల్చదు. గదిలో ముందు వరసలో ఎవరు కూర్చోవచ్చన్నది తేలుస్తుంది.

మన దగ్గర ఆ గది అద్దె ఇల్లు. "మీరేవిట్లు?" అన్న ప్రశ్న దాటుకుని ఇల్లు సంపాదించాక శబ్దం మనల్ని పట్టిస్తుంది. కింది వాటాలో ఓనరుగారు ఒకరోజు మెట్లెక్కి వచ్చి, "ప్రార్థనలు పెట్టుకోవద్దని ముందే చెప్పాను గదా" అన్నాడు. పాప వాయిస్తున్నది పిల్లలంతా మొదట నేర్చుకునే జి మేజర్ మినుయెట్. అదే వీధిలో వీణ క్లాసు జరుగుతుంది. దాని గురించి ఎవరూ మెట్లెక్కి రారు.

అందుకే హెడ్‌ఫోన్ సంగతి తేల్చుకోవాలి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడుదాకా మా ఇంట్లో హెడ్‌ఫోన్ తప్పనిసరి. హెడ్‌ఫోన్ పెట్టినా మెట్ల టకటక కిందింటికి దిగుతుంది కాబట్టి స్టాండు కింద మందపాటి చాప వేశాం. పగలు మాత్రం స్పీకరే. సగం సౌండు, తలుపు తీసి. పొరుగువాళ్ల నిద్రకి మర్యాద ఇస్తాం, వాళ్ల కులానికి ఇవ్వం. ఈ రెండింటినీ కలిపేస్తే పిల్లలు తమ ఇంట్లో తామే వినబడకుండా బతకడం నేర్చుకుంటారు.

బాబాసాహెబ్ పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారు. రాజ్యాంగం రాసిన మనిషికి అది అవసరమా అని మనం అడగం. మరి హాస్టల్ పిల్లకి ఎందుకని ఎలా అడుగుతాం?

విద్యార్థి మిత్రులకి ఒక పని చెప్తాను. ఈసారి సాంఘిక సంక్షేమ హాస్టళ్ల మీద ఇచ్చే మెమొరాండంలో మెస్ ఛార్జీలు, బాత్రూములు, దుప్పట్లు రాశాక కింద ఇంకో లైను రాయండి: ప్రతి హాస్టల్‌కి ఒక డిజిటల్ పియానో, వారానికి రెండు రోజులు ఒక టీచరు. వందమంది పడుకునే చోట తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎవరినీ లేపకుండా సాధన చేసుకోవాలంటే హెడ్‌ఫోన్ నిజంగా పనికొచ్చేది అక్కడే. అధికారి నవ్వుతాడు. దుప్పట్లు అడిగిన మొదటిసారి కూడా నవ్వే ఉంటారు. లైను కొట్టేయకండి.

జై భీమ్.