ముంగలి బరువు

మామిడికోతలు ముగియవచ్చి, చివరి కలెక్టరుకాయ లారీల కెక్కుచున్న ఈ వారమున, నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు పరిసరములలో తిరుగుచుండగా నా కంటబడిన యొక పోకడ నన్ను మిక్కిలి నొప్పించినది. కాయ అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన యువరైతు తన మహీంద్రా థార్ బండికి మందపు ఇనుప బంపరు కట్టించి, అందులో ఇనుపతాడు చుట్టిన వించి బిగించి, పైన దీపముల వరుస పెట్టించి, ఆ బరువునకు బండి ముక్కు నేలకు వాలగానే, తాను తెచ్చిపెట్టుకొన్న బరువును గూర్చి యోచింపక, స్ప్రింగు నెత్తిన ఒక బిళ్ళ వేయించి ముక్కు నెత్తించుకొని వచ్చుచున్నాడు. ఈ పనికి లెవెలింగని పేరు. లోపము నట్లే యుంచి పైకి కనబడకుండ కప్పిపుచ్చుటయే యిది యని నా దృఢాభిప్రాయము.

ముందిరుసునకు ఆవల వ్రేలాడు బరువు తన తూకముతో తృప్తి చెందదు. 2020లో వచ్చిన థార్‌కు ఇరుసుల నడిమి దూరము 2,450 మిల్లీమీటర్లు. బంపరును వించిని కలిపి 100 కిలోలు, ముందిరుసునకు 600 మిల్లీమీటర్ల ఆవల తగిలించితి మనుకొందము. అప్పుడు ముందు చక్రములమీద పడునది 124 కిలోలు. ఎక్కువైన ఆ 24 కిలోలును వెనుక చక్రములనుండి లాగుకొన్నవే. తొలకరికి నానిన ఎఱ్ఱనేలలో పట్టు దొరకక వెనుకచక్రము ఊరక తిరుగును, బరువెక్కిన ముందుచక్రము లోతుగ దిగబడును. బురదలోనుండి బండిని లాగుటకై కొన్న వించియే బండిని బురదలోనికి దింపుటకు తోడ్పడుచున్నదన్నమాట.

మొన్న విజయవాడ ఆటోనగరులో ఒక షెడ్డువద్ద నిలిచి చూచితిని. మేస్త్రి మోకాళ్ళమీద కూర్చుండి, చక్రపు నడిబొడ్డునుండి మడ్‌గార్డు అంచువరకు టేపు పట్టి ఇరుప్రక్కల కొలిచి, లోపల ఇరుసుకీలునకు తొడిగిన రబ్బరు తొడుగును వ్రేలితో నొక్కి చూపినాడు. మడతలలో అది పగిలియుండెను. గ్రీసు చిమ్మి చక్రము లోపలివైపున నల్లని వలయము కట్టియుండెను. అంతకుముందే యొకసారి బిళ్ళ వేయించిన బండి యది.

“బాబూ, ఈ బంపరు ఊడదీస్తే ముక్కు దానంతటదే లేస్తుంది. ఎందుకయ్యా ఊరికే ఖర్చు?” అన్నాడు మేస్త్రి.

“అది తీస్తే బండికి రూపేముంది మేస్త్రిగారూ? ఈసారి కాస్త మందం బిళ్ళ వెయ్యండి,” అన్నాడు కుఱ్ఱవాడు.

బిళ్ళ బండి నెత్తునుగాని స్ప్రింగునకు బలము నీయదు. 2010 నాటి పాత థార్‌కు ముందు చుట్టస్ప్రింగునకు బదులు, కొన్ని రకములలో, పురిపడు కడ్డీ యుండును. దాని మర బిగించి ముక్కు నెత్తుటయు ఇట్టిదే, ఎత్తు మారును, బిఱుసు మారదు. పైగా స్ప్రింగు నెత్తిన వేసిన బిళ్ళ చక్రమువద్ద తన మందముకంటె ఎక్కువ ఎత్తును చూపును. ఆ ఎత్తునకు ఇరుసుకీళ్ళు ఏటవాలై తొడుగులు చినుగును, బాల్‌జాయింట్లు త్వరగా అరుగును, అలైన్‌మెంటు చెదరి టైరు ఒక అంచున తినివేయబడును. గుంటలో చక్రము క్రిందికి జారుటకు మిగిలియున్న చోటు తగ్గును. బండిని తయారుచేసినవారు వెనుకభాగమును ముందుకంటె కొంచెము ఎత్తుగా నుంచుట తెలియక చేసిన పని గాదు. వెనుక మనుషులు కూర్చుండి, నాలుగు పెట్టెల కాయ వేసినప్పుడు బండి సమముగా నిలువవలెనని వారి యెన్నిక. వట్టిబండిని సమము చేయించినవాడు, బరువు వేసిననాడు ఆకాశము చూచు బండిని నడుపవలసియుండును. ముక్కు 35 మిల్లీమీటర్లు ఉన్నచోటినుండి పైకి లేచినచో, 30 మీటర్ల దూరమున దీపకాంతి 43 సెంటీమీటర్లు పైకి పోవును. ప్యాకింగు ముగించుకొని రాత్రిపూట ట్రాక్టరు తొట్టిలో ఇల్లు చేరు కూలివారి కన్నులమీద పడునది ఆ వెలుగే. దీపముల మర రెండు త్రిప్పులు త్రిప్పి సరిచేయుమని అడిగినవాడు నాకు కనబడలేదు.

నిజముగా వించి అవసరమైనవాడు లేకపోలేదు. అతడు ఆ బరువు మోయగల బిఱుసైన స్ప్రింగును, దానికి జోడైన షాకబ్జార్బరును వేయించి, అలైన్‌మెంటు చూపించి, దీపములు దింపించుకొనవలెను. తక్కినవారికి ఆ ఇనుము తీసివేయుటయే మార్గము. 2017 డిసెంబరులోనే కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ, బండ్ల ముందు బిగించు క్రాష్‌గార్డులును బుల్‌బార్లును 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షనునకు విరుద్ధములని రాష్ట్రములకు వ్రాసినది. ఎదుట పడిన పాదచారి యెముకలకు ఆ కడ్డీలు సందీయవు. గుద్దుకొన్నవేళ నలుగవలసిన బండి ముందుభాగమును నలుగనీయక, ఎయిర్‌బ్యాగు విచ్చుకొనవలసిన క్షణమును తారుమారు చేయును.

ఈ సందర్భమున, ఇనుపపట్టీల స్ప్రింగులగు కమాన్‌కట్టల పనివారిని తలచక యుండలేను. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను ఈ దేశమున బిగించుట మొదలిడిన నాటినుండి, ఆ జీపునకు నాలుగు చక్రములవద్దను కమాన్‌కట్టలే. బరువు పెరిగినచో కమాన్‌పనివాడు కట్ట విప్పి, పట్టీలను ఒక్కొక్కటిగ నేలమీద పరచి, ఏది వంపు జారినదో, ఏది నెఱ్ఱె విచ్చినదో వ్రేలితో తడవి తెలిసికొనెడివాడు. జారినదానిని కొలిమిలో కాల్చి, సుత్తితో వంపు తెచ్చి, నూనెలో ముంచి పదును పెట్టి, వలసినచో తగిన పొడవుగల పట్టీ నొకదానిని నడుమ చేర్చి, సెంటరుబోల్టు బిగించెడివాడు. ఆ పట్టీతో బండికి ఎత్తును వచ్చును, బలమును వచ్చును. మోయవలసినదెంతో అడుగక అతడు సుత్తి ముట్టెడివాడు గాడు. ఆ ప్రశ్న మేస్త్రీలు నేటికిని అడుగుచున్నారు; వినువారు కఱవైరి.

ఇక ఆ యువకులు చెప్పు సమాధానము. తోటకు దారి లేదు గనుక ఇట్టి బండి కావలసివచ్చినదందురు. ఈ మాటలో సత్యమున్నది, నా కోపము వారిని దాటి ఎవరిమీదికి పోవలెనో అదియే చెప్పుచున్నది. ఎద్దుబండ్ల కాలమున రెండు బండ్లు ఎదురెదురుగ తప్పుకొన్న డొంకలు, ఇరువైపుల కంచెలు ముందుకు జరిగి జరిగి, నేడు ఒక ట్రాక్టరు పోవుటకు చాలుట లేదు. వానకు అవి కాలువలగుచున్నవి. చిక్కముతో జాగ్రత్తగ దింపిన చిన్నరసము ఆ గుంటలలో అరగంట కుదుపులు తిన్నచో, తొడిమ విరిగి సొన కారినచోటనెల్ల తొక్క నల్లబడును, పండినపుడు కమిలినచోట మెత్తబడును. నున్న మామిడి మార్కెటులో కమీషనుదారు ఆ మచ్చను వేలెత్తి చూపి ధర తగ్గించును. రైతు ఏడాది కష్టమునుండి ఆ డొంక తన వాటా తీసికొనుచున్నది. థార్ కొనగలవాడు ఎట్లో దాటును. గుత్తకు తోట పట్టి, అద్దె మినీలారీలో కాయ తోలుకొను చిన్న వ్యాపారి ఏ బిళ్ళ వేయించుకొనవలెను?

రెవెన్యూ లెక్కలలో డొంక పోరంబోకని వ్రాసియున్న నేల ఎవరి సొంతమును గాదు. 2020 డిసెంబరులో ఆరంభించిన భూముల రీసర్వేలో పొలములకు రాళ్ళు నాటినట్లే డొంకలకును ఇరువైపుల రాళ్ళు నాటవలెను. ఆక్రమించిన కంచెలను పంచాయతీ తొలగించవలెను. ఉపాధి హామీ పనులలో మట్టి ఎత్తి గ్రావెలు పోయించవలెను. ఇప్పుడు కోత ముగియవచ్చినది, మరల పూత వచ్చులోపల ఆరునెలల వ్యవధి యున్నది. ఈలోగా జరుగు ప్రతి గ్రామసభలోను తోటల రైతులు తమ డొంక సర్వేనంబరు వ్రాసియిచ్చి, కొలత ఏనాడో తేదీ చెప్పించుకొని మఱి లేవవలెను.