ఈక మార్చేది సింగారానికి కాదు

వానాకాలంలో ఒకసారి మిద్దె మీద నిలబడి, తల మీదుగా ఎగిరే కాకిని గమనించండి. రెక్కలో ఒకచోట సందు కనిపిస్తుంది. కుడి రెక్కలో ఎక్కడుందో ఎడమ రెక్కలోనూ సరిగ్గా అక్కడే ఉంటుంది. దెబ్బ తగిలి ఊడిన ఈకలైతే రెండు వైపులా ఇంత లెక్కగా ఊడవు. కాకి ఈకలు మార్చుకుంటోంది. పాతది రాలుతుంది, ఆ చోట కొత్తది మొలుస్తుంది, ఆ తర్వాతే పక్క ఈక వంతు. కొన్ని నెలలు గడిచేసరికి కాకి మళ్ళీ నిండు రెక్కలతో ఎగురుతుంది. ముందూ నలుపే, తర్వాతా నలుపే. పైగా అప్పటికి గూడు కాలం అయిపోయింది, పిల్లలు ఎగిరిపోయాయి. మరి ఎవరి మెప్పు కోసం ఇంత శ్రమ?

శాస్త్రజ్ఞుల వర్గీకరణలో కాకి కూడా పాటపిట్టల జాతిదే. అందుకే దానితో మొదలుపెట్టాను. పాటపిట్టల ఈకల గురించి మనలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: జత కట్టే కాలం వస్తే మగపిట్ట ఆడపిట్టను మెప్పించడానికి కొత్త ఈకలు తొడుక్కుంటుందని, ఈకల మార్పిడి పుట్టిందే అందుకని. టీవీ డాక్యుమెంటరీలు ఇదే చెబుతాయి, ఆదివారం అనుబంధాల్లో ఇదే చదువుతాం. రుజువుగా తల పసుపెక్కిన గిజిగాడి ఫొటో వేస్తారు. ఈ నమ్మకం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేస్తోంది. రంగు మెప్పు కోసమే కావచ్చు, దాన్ని నేను కాదనను. ఈకల మార్పిడి మాత్రం అరుగుదల వల్ల వచ్చింది. మెప్పు తర్వాత వచ్చి చేరింది.

ముందు ఈక అంటే ఏమిటో చూద్దాం. మన గోరులాగే అది కెరటిన్‌తో తయారైన పదార్థం. పెరగడం పూర్తయ్యాక అందులో ప్రాణం ఉండదు, రక్తం పారదు. చిరిగితే అతుక్కోదు, అరిగితే పూడదు. ఎండ దాన్ని పెళుసు చేస్తుంది, గడ్డీ ముళ్ళూ అంచులు గీరేస్తాయి. ఈకను తినే బ్యాక్టీరియా కూడా ఉంది. బతికున్న పక్షుల ఈకల్లోనే అలాంటి బాసిల్లస్‌లు ఉంటాయని ఎడ్వర్డ్ బర్ట్, జాన్ ఇచిడా 1999లో చూపించారు. బాగుచేసుకునే వీలు లేని వస్తువును మార్చుకోక తప్పదు. అందుకే పాటపిట్టలు సాధారణంగా ఏడాదికోసారి, గూడు కాలం ముగిశాక, ఒంటి మీది ఈకలన్నీ మార్చుకుంటాయి. ఈ మార్పిడి బతుకు కోసమేనన్నది అందరూ ఒప్పుకునేదే.

అసలు వివాదం రెండో మార్పిడి దగ్గర. కొన్ని పిట్టలు జత కట్టే కాలానికి ముందు ఇంకోసారి ఈకలు మారుస్తాయి. 1959లో ఫిలిప్ హంఫ్రీ, కెనెత్ పార్క్స్ ఈ రెండు మార్పిడులకూ వేర్వేరు పేర్లు పెట్టి లెక్క తేల్చారు. సింగారం వాదులు తమ వాదన నిలబెట్టేది ఈ రెండోదాని మీదే. అది నిలుస్తుందా?

మన వాకిట్లో పిచ్చుకను దగ్గరగా చూడండి. జత కట్టే కాలంలో మగపిచ్చుక గొంతు కింద నల్లటి మచ్చ నిగనిగలాడుతుంది. దానికోసం అది కొత్త ఈక ఒక్కటీ వేసుకోదు. ఏడాదికోసారి వచ్చిన ఈకలే అవి. కొత్తగా మొలిచినప్పుడు ఒక్కో నల్ల ఈకకూ కొసన లేత బూడిదరంగు అంచు ఉంటుంది, ఆ అంచులు నలుపును కప్పేస్తాయి. నల్లరంగు మెలనిన్ ఈకను గట్టిపరుస్తుంది. అది తక్కువగా ఉండే లేత కొసలు నెలలు గడిచేకొద్దీ అరిగి రాలిపోతాయి. అడుగున దాగిన నలుపు సరిగ్గా సమయానికి బయటపడుతుంది. చలికాలంలో మన జొన్నచేలకు గుంపులుగా వచ్చే గులాబీ గోరువంకదీ ఇదే దారి. అంచులు అరిగేకొద్దీ దాని గులాబీ తేటపడుతుంది. ఆకర్షణ కోసమే అయితే ఇంత చవకైన మార్గం ఉండగా, ఒళ్ళు హూనం చేసుకునే రెండో మార్పిడి ఎందుకు పుట్టాలి?

ఇప్పుడు ఎదురు దిక్కు నుంచి చూద్దాం. యూరప్, సైబీరియాల్లో గూడు కట్టి ఆఫ్రికాలో చలికాలం గడిపే విల్లో వార్బ్లర్ బరువు సుమారు 10 గ్రాములు. ఆ పిట్ట ఏడాదికి రెండుసార్లు, రెక్కల్లోని పెద్ద ఈకలతో సహా, అన్నిటినీ మార్చుకుంటుంది. ఆడా మగా చూడటానికి ఒకేలా ఉంటాయి, రెండు రకాల ఈకల్లోనూ చెప్పుకోదగ్గ రంగు తేడా లేదు. చూపించడానికి ఏమీ లేని పిట్ట రెండుసార్లు ఎందుకు మారుస్తోంది? అది ఏటా వేల కిలోమీటర్లు రెండుసార్లు ఎగురుతుంది, ఉత్తరాన ఒక వేసవి, దక్షిణాన మరో వేసవి ఎండను మోస్తుంది. ఒక జత ఈకలు అంత పనికి చాలవు. అంత దూరం పోని మన పొలాల ప్రినియా కూడా, గట్ల మీద గడ్డిలో తోక నిటారుగా ఎత్తి తిరిగే ఆ చిన్న గోధుమరంగు పిట్ట కూడా, రెండుసార్లు మారుస్తుంది. దాని తోక పొడవుగా ఉండేది చలికాలంలో, జత కట్టే కాలంలో కాదు. సింగారం వాదం ప్రకారం ఇది తలకిందులుగా ఉండాలి.

విడివిడి ఉదాహరణలు చాలవంటే, ఒక కుటుంబం మొత్తాన్నీ పరిశీలించిన పని ఉంది. అమెరికా ఖండాల వార్బ్లర్ల కుటుంబంలో వందకు పైగా జాతులున్నాయి. కొన్ని ఉన్న అడవి దాటవు. బ్లాక్‌పోల్ వార్బ్లర్ లాంటివి అట్లాంటిక్ మీద రెండు మూడు రోజులు ఆగకుండా ఎగురుతాయి. ర్యాన్ టెరిల్, గ్లెన్ సీహోల్జర్, జేర్డ్ వుల్ఫ్ 2020లో ఈ జాతుల వంశవృక్షాన్ని పట్టుకుని, ఏ లక్షణం దేనికి దారితీసిందో వెతికారు. దూర ప్రయాణం, దానితో వచ్చే ఈకల అరుగుదల, వాటి నుంచి రెండో మార్పిడి, ఆ మార్పిడిని వాడుకుని కాలానికో రంగు: తేలింది ఈ వరుస. కొత్త ఈకలు ఎలాగూ మొలుస్తున్నాయి కాబట్టే వాటిలో కొత్త రంగు నింపే అవకాశం లైంగిక వరణానికి, అంటే జతను ఎంచుకోవడం వల్ల జరిగే పరిణామానికి, దొరికింది.

దీనికి ఎదురుగా డార్విన్‌ను తెస్తారు. ఆయన 1871 నాటి ‘ది డిసెంట్ ఆఫ్ మ్యాన్’ను తెరిచి చూడాలి. ఏడాదికి రెండుసార్లు ఈకలు మార్చినా రంగు మారని పక్షుల్ని ఆయన అందులో మొదటి మెట్టుగా పెట్టాడు. అక్కడ మార్పిడి ప్రయోజనం వెచ్చదనం కావచ్చన్నాడు. లైంగిక వరణాన్ని లోకానికి చెప్పిన మనిషే అంత జాగ్రత్తగా మాట్లాడితే, ఆయన పేరు చెప్పేవాళ్ళు ఆ మెట్టును దాటేస్తున్నారు.

గిజిగాడి మాటేమిటి, ఊదా తేనెపిట్ట మాటేమిటి అంటారా? అవి ఇక్కడే ఉండేవి, మగవాటికి జత కట్టే కాలంలో రంగు నిజంగానే మారుతుంది. అవును, ఆ రంగు ఆడపిట్ట కోసమే. పరిణామంలో చివరి మెట్టు అది. గోడకు వేసిన రంగు చూసి, ఇల్లు కట్టిందే రంగు వేయడానికని ఎవరూ అనరు. అన్ని జాతులూ ఒకే దారిన ఇక్కడికి వచ్చాయనీ నేను అనడం లేదు. తిరిగే చోటు గరుకుదనం, ఎండ, దూరం, ఒక్కో వంశానికి ఒక్కో ఒత్తిడి. నేను ఖండించేది ఆ చివరి మెట్టునే పునాది అనడాన్ని.

ఇది పండితుల మధ్య తగవు అనుకుని వదిలేయడానికి లేదు. ఈకల మార్పిడి సింగారం అనుకున్నంత కాలం, పక్షి మన కంటికి అందంగా ఉన్న రోజులే మనకు లెక్క. మార్చి 20న పిచ్చుకల దినం చేస్తాం, చెక్క గూళ్ళు కడతాం, పిల్లలు ఎగిరిపోగానే మరచిపోతాం. పిట్టకు అసలు గడ్డుకాలం అప్పుడే మొదలవుతుంది. పిచ్చుక తన ఈకలన్నీ మార్చుకోవడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. ఈక అంతా మాంసకృత్తే, అది తిండిలోంచే రావాలి. ఆ రోజుల్లో రెక్క సరిగా ఆడదు కాబట్టి దాక్కోవడానికి పొద కావాలి. తిండి చాలకపోతే పెరిగే ఈకలో అడ్డంగా బలహీనమైన గీత పడుతుంది. మళ్ళీ మార్చుకునేదాకా పక్షి ఆ ఈకతోనే ఎగరాలి. మనం గట్ల మీద కలుపుమందు కొట్టి, కంచెలు నరికి చదును చేసే చోట ఆ తిండీ ఉండదు, ఆ చాటూ ఉండదు.

వాకిట్లో రాలిన కాకి ఈక కనబడితే తీసి వెలుతురుకు పట్టి చూడండి. కొస చీలి ఉంటుంది, అంచు పలచబడి ఉంటుంది, నలుపు మట్టిరంగుకు తిరిగి ఉంటుంది. ఏడాది పాటు ఎండకూ వానకూ అడ్డుపడి, చేతనైనంత పని చేసి రాలిన ఈక అది. అది ఎందుకు రాలిందో ఆ అరిగిన అంచే చెబుతుంది.